పర్మిట్ లేని లోడు

బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీ ఆఫీసు అంటే ఒక రేకుల గది, ఒక ఇనుప బీరువా, గోడకు మద్దిలేటి నరసింహస్వామి క్యాలెండరు, బల్ల మీద సన్నటి రాతిపొడి. ఎన్నిసార్లు తుడిచినా ఆ పొడి మళ్ళీ పేరుకుంటుంది. ఆ రోజు బల్ల మీద ఒక ల్యాప్‌టాప్ కూడా ఉంది. ఫ్యాక్టరీ యజమాని మేనల్లుడు బెంగుళూరు ఉద్యోగం మానేసి వచ్చి, ఎనిమిది నెలలుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి రాస్తున్నాడు. బండల కొలతలు ఇస్తే చదరపు అడుగులు లెక్కగట్టి, అంచు విరిగినవి తీసేసి, తెలుగులో బిల్లు ముద్రిస్తుంది. తొలి గిరాకీ మామే. నేను ఇద్దరికీ తెలిసినవాణ్ణి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పనిలో చాలా ఏళ్ళు గడిపినవాణ్ణి కాబట్టి బేరానికి మధ్యవర్తిగా కూర్చోబెట్టారు. నాకు మాట్లాడే అవకాశం తక్కువే దొరికింది.

బిల్లు నమూనా చూసి మామ మొదట పట్టిన తప్పు వేరే. ఊరి పేరు కింద ఇంకా 'కర్నూలు జిల్లా' అని ఉంది. 2022లో నంద్యాల జిల్లాలోకి వచ్చామని గుర్తు చేశాడు. అల్లుడు అక్కడికక్కడే దిద్దాడు. ఆ తరువాత మామ మౌసు పట్టుకుని అటూ ఇటూ నొక్కుతుంటే ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో రెండు వాక్యాలు: 'పూర్తిగా బేతంచెర్లలో తయారైనది. సర్వహక్కులు రచయితవి.'

మామ: ముప్పై అయిదు వేలంటివి. బానే ఉండాది, కాదన్ను. ఈ 'పూర్తిగా' అంటే ఏందిరా? అంతా నువ్వే రాసినావా?

అల్లుడు: అంతా ఎవరూ రాయరు మామా. లోపల లైబ్రరీలు ఉంటాయి. ఓపెన్ సోర్సువి. ఫ్రీ.

మామ: ఎన్ని?

అల్లుడు: నేను అడిగి తెచ్చుకున్నవి ఆరు. వాటి వెంబడి వచ్చినవి ఇంకో ఇరవై అయిదు.

మామ: పెండ్లికి ఆరుమందిని పిలిస్తే ముప్పై ఒక్క ఆకు లేసినట్టు. వాళ్ళెవురో తెలుసునా నీకు?

అల్లుడు: పేర్లు తెలుసు. అన్నీ నెట్లో పెట్టినవే. ఎవరైనా తీసుకోవచ్చు.

మామ: మన గుట్టల్లో నాపరాయి కూడా బయటే ఉండాది. కాపలా ఎవురూ లేరు. రాత్రి పోయి నాలుగు ట్రాక్టర్లు తెచ్చుకొని పాలిష్ పట్టి అమ్ముకుందునా?

అల్లుడు: దానికీ దీనికీ పోలిక లేదు. గుట్ట తవ్వితే తరుగుతుంది. కోడ్ నేను కాపీ చేసుకుంటే రాసినోనికి పోయేది ఏమీ లేదు. పైగా వాళ్ళే తీసుకోండి అని పెట్టినారు.

మామ: 'తీసుకోండి' అని పెట్టినారా, 'ఇట్లయితే తీసుకోండి' అని పెట్టినారా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పి బతికే లాయర్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. అల్లుడు మాత్రం నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

మామ: నా లోడు సంగతి చెప్తా విను. ఒకరి దగ్గర పచ్చిబండ కొన్నా. రాయి బాగుంది, రేటు బాగుంది. పర్మిట్ ఏదిరా అంటే 'రేపు పంపిస్తాలే అన్నా' అన్నాడు. పాలిష్ పట్టి లారీకి ఎక్కించినా. దోవలో ఆపినారు. తవ్వినోన్ని నేను కాదు, గవర్నమెంటుకు సీనరేజీ ఎగ్గొట్టినోన్ని నేను కాదు. లోడు నాది కాబట్టి జరిమానా నాది. తవ్వినోడు ఫోనే ఎత్తలే. ఆ పొద్దు తెలిసొచ్చింది, రాయి ఎక్కేటప్పుడే కాయితం ఎక్కల్ల. దిగినాక వెతికితే దొరకదు. ఇప్పుడు నీ ముప్పై ఒక్క రాళ్ళకు కాయితాలు చూపించు.

అల్లుడు నిట్టూర్చి నల్లటి కిటికీ తెరిచి ఒక ఆదేశం కొట్టాడు. లైబ్రరీ పేరు, పక్కన లైసెన్సు పేరు, వరసగా దిగాయి. ఎక్కువ వరసల్లో ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ అనే పేర్లే. మామ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

మామ: ఈ ఎంఐటీ అంటే?

అల్లుడు: అమెరికాలో ఒక పెద్ద కాలేజీ. వాళ్ళ లైసెన్సు అన్నిటికంటే సులువు. వాడుకో, మార్చుకో, అమ్ముకో, నీ కోడ్ ఎవరికీ చూపించాల్సిన పని లేదు. రాసినోళ్ళ కాపీరైట్ వరస, ఆ లైసెన్సు పాఠం మాత్రం కాపీతో పాటు ఉంచాలి. బీఎస్‌డీ దాదాపు అంతే. అపాచీలో పేటెంట్ల మాట ఒకటి ఎక్కువ. నోటీసు ఫైలు ఉంటే అది కూడా పంపాలి.

మామ: ఉంచినావా?

అల్లుడు: మామా, ఎవరు చూస్తారు దాన్ని? ప్యాక్ చేసేటప్పుడు అవన్నీ తీసేసినా. సైజు తగ్గుతుందని.

మామ: ఎంత తగ్గింది?

అల్లుడు: ఒక ఫోటో అంత.

మామ: పుణే, బొంబాయిల్లో వంటింటి గట్టుకు ఈ పక్క నల్లరాయే వేస్తారు. దాన్ని వాళ్ళు ఏమంటారు? 'కడప్పా' అంటారు. కడపకు పేరు వచ్చింది, మంచిదే. ఈ చుట్టుపక్కల గనుల్లో చెయ్యి నలిగినోళ్ళ ఊరి పేరు యాడ పడింది? నా జన్మంతా ఆ మంట ఉండాది నాకు. వాళ్ళేమో ఊరికే ఇచ్చి, 'నా పేరు ఒక్కటి ఉంచప్పా' అన్నారు. నువ్వు ఫోటో అంత జాగా మిగులుతాదని అది కూడా గీకేసినావు. గీకేసి 'పూర్తిగా బేతంచెర్ల' అని రాసుకున్నావు.

ఇక్కడ నాకు ఫుట్ దొర గుర్తొచ్చాడు. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో 1880లలో ఎముకలు తవ్విన రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు ఆ గుహల దారి చూపించింది 1844లో న్యూబోల్డ్ రాసిన వ్యాసం. ముందువాడి పేరు చెప్పి తన పని మొదలుపెట్టడం శాస్త్రంలో అప్పటికే మర్యాద. ఎంఐటీ లైసెన్సు అడిగేది ఆ మర్యాదే. కాకపోతే అది మర్యాదగా వదిలేయలేదు, షరతుగా రాసింది.

అల్లుడు: సరే, అది ఒప్పుకుంటా. లైసెన్సులన్నీ ఒక ఫోల్డరులో పెడతా. అరగంట పని. అయిపోయింది గదా?

మామ: ఇంకో రెండు వరసలు వేరే పేరుతో ఉండాయే. పైక్యూటీ అని, జీపీఎల్ అని. కింద పైమ్యూపీడీఎఫ్, ఏజీపీఎల్.

అల్లుడు ల్యాప్‌టాప్ మూత సగం దించాడు. బేరం ఇక్కడికి వస్తుందని అతనికి ముందే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

అల్లుడు: పైమ్యూపీడీఎఫ్ బిల్లును పీడీఎఫ్ చేసేది, దాని ఏజీపీఎల్ కూడా జీపీఎల్ లాంటిదే. పైక్యూటీ అంటే కిటికీలు, బటన్లు గీసే సరుకు. దానికి రెండు గుమ్మాలు ఉన్నాయి. ఒకటి డబ్బు కట్టి లోపలికి పోయేది. కడితే నా కోడ్ నా దగ్గరే దాచుకోవచ్చు. రెండోది జీపీఎల్. పైసా అక్కర్లేదు, కానీ దాన్ని కలుపుకొని చేసిన సాఫ్ట్‌వేర్ ఎవరికైనా ఇస్తే, మొత్తం అదే జీపీఎల్ కింద ఇవ్వాలి. సోర్సు కోడ్‌తో సహా.

మామ: మొత్తం అంటే నువ్వు ఎనిమిది నెలలు రాసింది కూడానా?

అల్లుడు: అదే గదా అన్యాయం! వాళ్ళది కిటికీ గీసే పని. బండ కొలత, విరుగుడు లెక్క, తెలుగు బిల్లు, అంతా నాది. ఒక్క మేకు వాడుకున్నందుకు ఇల్లంతా రాసివ్వమన్నట్టు ఉంది.

మామ: సోర్సు ఎవురికి ఇయ్యల్ల? ఊరందరికా?

అల్లుడు: కాదు. కొన్నోనికి. నేను నీకు అమ్మితే నీకు. నెట్లో పెట్టాలని రూలేం లేదు. నేను ఎవరికీ ఇవ్వకుండా నా కంప్యూటర్లోనే వాడుకుంటే అసలు ఏ బాధ్యతా లేదు. చెయ్యి మారినప్పుడే లైసెన్సు లేస్తుంది.

మామ: లోడు గేటు దాటినప్పుడు పర్మిట్ అడిగినట్టు. సరే, సోర్సు నాకు ఇస్తివి. దాన్ని నేనేం చేసుకోవచ్చు?

అల్లుడు: ఏమైనా.

మామ: ఎదురు ఫ్యాక్టరీ ఆయప్పకు ఇయ్యచ్చునా?

జవాబు రాలేదు. బయట కటింగ్ మిషను ఒక బండను పూర్తిగా కోసి ఆగింది. ఆ నిశ్శబ్దంలో మామ మొహంలో మెల్లగా నవ్వు విచ్చుకుంది.

మామ: ఇయ్యచ్చు గదా?

అల్లుడు: ఇయ్యచ్చు.

మామ: నువ్వు వద్దంటే?

అల్లుడు: వద్దనే హక్కు నాకు లేదు. జీపీఎల్ కింద ఇచ్చినాక ఇంకో షరతు కలపకూడదు.

మామ: అంటే నేను ముప్పై అయిదు వేలు కడతా. ఎదురాయప్పా, నేనూ చెరిసగం వేసుకుంటాం. రేపు నువ్వు మళ్ళీ బెంగుళూరు పోయినా, జీఎస్టీ రేటు మారితే డోన్‌లోనో నంద్యాలలోనో ఇంకొక పిల్లోన్ని పట్టుకొని దిద్దిచ్చుకుంటాం. ఇంతసేపూ ఈ లైసెన్సు నీకు అడ్డం అనుకుంటి. ఇది నా కోసం రాసినట్టుందే!

నా దృష్టిలో ఆ సాయంత్రం అసలు మలుపు ఇదే. జీపీఎల్ గురించి ప్రోగ్రామర్లు వాదించుకునేటప్పుడు కొనుక్కునేవాడు ఆ గదిలో ఉండడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో మొదటి జీపీఎల్ రాసినప్పుడు మనసులో పెట్టుకున్నది వాడేవాణ్ణి. బాగుచేసుకునే హక్కు, పంచుకునే హక్కు వాడేవాడి చేతికి చేరాలని. దాచుకోవాలనుకునే అమ్మకందారుకు అది గుదిబండగా కనిపిస్తుంది. కొన్నవాడికి అదే తాళంచెవి. ఈ విషయాన్ని నాకు ఏ సెమినారూ ఇంత సూటిగా చెప్పలేదు, రాతిపొడి మధ్య చెరిసగం లెక్క వేసుకున్న ఒక వ్యాపారి చెప్పాడు.

అల్లుడు: నువ్వు నవ్వుతాండావు, నేను ఏడ్వాల్సి వస్తుంది. అందుకే చెప్పలేదు. మామా, నిజం మాట్లాడుకుందాం. ఈ లైసెన్సుల మీద కోర్టుకెక్కిన కేసులు నేను చదివినా. ఎవరి మీద పడినారు? ఫ్రాన్సులో ఆరెంజ్ అనే టెలిఫోను కంపెనీ. ప్రభుత్వానికి కట్టిన ఒక పోర్టల్లో లాసో అనే జీపీఎల్ లైబ్రరీ కలిపి, షరతులు పాటించలేదు. పన్నెండేండ్లకు పైగా నడిచి 2024 ఫిబ్రవరిలో ప్యారిస్ అప్పీలు కోర్టు ఆర్థిక నష్టం కిందనే 5 లక్షల యూరోలు కట్టమంది, దాని మీద మరికొంత. లింక్‌సిస్ రౌటర్లో లినక్స్ పెట్టి సోర్సు ఇవ్వలేదని 2003లో గొడవ. దాన్ని కొన్న సిస్కో మీద తర్వాత 2008లో కేసు. అన్నీ ఏనుగులే. చీమను పట్టుకోవడానికి బేతంచెర్లకు ఎవరొస్తారు?

మామ: లింక్‌సిస్ గొడవలో చివరికి ఏమైంది?

అల్లుడు: సోర్సు బయటపెట్టినారు. దాని మీద కుర్రోళ్ళు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అని మొదలుపెట్టినారు. ఈ పొద్దు ఎన్నో రకాల రౌటర్ల మీద అది నడుస్తుంది.

మామ: మంచి పనే జరిగిందన్నమాట. ఇంకేమన్నా ఉందా, చిన్నోళ్ళ మీద?

నేను కలగజేసుకున్నాను. ఉంది. 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తీర్పు ఇచ్చిన జేకబ్‌సెన్ కేసు బొమ్మ రైళ్ళ గురించి. ఇంట్లో పట్టాలు పరుచుకుని నడిపే బొమ్మ రైళ్ళను కంప్యూటరుతో నడిపే సాఫ్ట్‌వేర్ అది. సరదాగా రాసి ఊరికే పంచిన ఒకాయన ఫైళ్ళను, పేర్లూ నోటీసులూ తీసేసి, ఒక చిన్న వ్యాపారి తన సరుకులో కలుపుకున్నాడు. ఊరికే ఇచ్చినదానికి నష్టమేముంది అన్నది అవతలి పక్షం వాదన. ఊరికే ఇచ్చినా షరతు షరతే, దాటితే కాపీరైటు ఉల్లంఘనే అవుతుందని కోర్టు చెప్పింది. పెద్ద కంపెనీలన్నీ తమ లాయర్లతో చదివించిన తీర్పు పుట్టింది బొమ్మ రైలు దగ్గర.

అల్లుడు నా వైపు చూసిన చూపు స్నేహపూర్వకంగా లేదు.

మామ: ఇంకొకటి ఏదో చెప్పబోయి ఆపినావు నువ్వు.

అల్లుడు: హాన్‌కామ్. కొరియా కంపెనీ. వాళ్ళ హంగుల్ లిపికి వర్డ్ ప్రాసెసర్ చేస్తారు. పీడీఎఫ్ చేయడానికి గోస్ట్‌స్క్రిప్ట్ అనేదాన్ని లోపల పెట్టుకున్నారు. దానికీ రెండు గుమ్మాలే, అప్పట్లో జీపీఎల్ ఒకటి, డబ్బుది ఒకటి. వీళ్ళు డబ్బూ కట్టలే, సోర్సూ ఇవ్వలే. 2016లో ఆర్టిఫెక్స్ అనే సొంతదారు కంపెనీ కాలిఫోర్నియాలో కేసు వేసింది. కొట్టెయ్యండని హాన్‌కామ్ అడిగితే 2017లో జడ్జి ఒప్పుకోలేదు. తర్వాత రాజీ పడినారు.

మామ: సొంత లిపి కోసం సాఫ్ట్‌వేర్. లోపల పీడీఎఫ్ చేసే పరాయి సరుకు. కాయితం లేదు. నీదీ అంతే గదరా?

అల్లుడు: ...పైమ్యూపీడీఎఫ్ కూడా ఆర్టిఫెక్స్‌దే.

మామ నవ్వలేదు. నిజంగా భయపడిన మొహం. జరిమానా కట్టిన మనిషి కదా.

మామ: ఇది పట్టుబడితే నాకేమన్నా ఉందా? నేను వాడుకున్నోన్ని మాత్రమే.

అల్లుడు: మన కాపీరైటు చట్టంలో 63బి అని ఒక సెక్షన్ ఉంది. కంప్యూటర్ ప్రోగ్రాము దొంగ కాపీని, తెలిసి వాడితే ఏడు రోజుల నుంచి మూడేండ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాకపోతే కోర్టు జైలు తప్పించొచ్చు. కానీ మామా, 'తెలిసి' అని ఉంది. నీకు తెలీదు గదా.

మామ: ఇప్పుడు నువ్వే చెప్తివి గదరా! ఇంక తెలియకపోవడం ఎట్ల?

ఇంతసేపటికి అల్లుడికి కోపం వచ్చింది. అది న్యాయమైన కోపం కాబట్టి అతని మాటలు తగ్గించకుండా రాస్తున్నాను.

అల్లుడు: నువ్వు అనేది అంతా బాగుంది. కానీ ఒక్కటి చెప్పు. కంపెనీల్లో దీనికి వేరే టీములు ఉంటాయి, లాయర్లు ఉంటారు, స్కాన్ చేసే పరికరాలు ఉంటాయి. ఈ రేకుల కింద నేనొక్కణ్ణే. ముప్పై ఒక్క లైసెన్సులు, అన్నీ ఇంగ్లీషు. అవి కూడా వాళ్ళలో వాళ్ళకే తెగలేదు. ఒక లైబ్రరీని విడిగా ఉంచి నడిచేటప్పుడు మాత్రమే పిలిస్తే అది కలుపుకున్నట్టా కాదా అని అడుగు. జీపీఎల్ రాసినోళ్ళు అవునంటారు, కొందరు లాయర్లు కాదంటారు. వాళ్ళకే తెలీనిది నాకెట్ల తెలియాలి? పైగా నేను ఎందుకు పైమ్యూపీడీఎఫ్ పట్టుకున్నా? తెలుగు కోసం. ముందు వేరే లైబ్రరీతో బిల్లు చేస్తే 'స్వామి'లో వావత్తు పక్కకు జారి పడింది. 'క్వారీ' అని రాస్తే 'క' ఒక చోట, ఒత్తు ఒక చోట. ఇంగ్లీషు బిల్లు చేసేటోనికి ఈ బాధ లేదు, నాలుగు వరసల్లో పని అయిపోతుంది. మనకు ఒత్తులు కుదరాలంటే బరువైన సరుకు కావాలి. బరువైన సరుకుకే బరువైన లైసెన్సు. ఐటెక్స్ట్ అని ఇంకొకటి ఉంది. 2009లో ఐదో వెర్షన్ నుంచి అది కూడా ఏజీపీఎల్‌లోకి పోయింది, మన లిపులు సరిగ్గా పేర్చే భాగం విడిగా డబ్బుకు అమ్ముతారు. చిన్న ఊరోడు, చిన్న భాష. రెండు దెబ్బలూ నాకే.

మామ చాలాసేపు మాట్లాడలేదు. ఈ దెబ్బ ఆయనకు తగిలింది. నాకూ తగిలింది. లైసెన్సుల సంగతి ఎత్తితే 'చదువుకుని పాటించండి, అంతే' అనేవాళ్ళు ఎవరూ తెలుగులో ఒక బిల్లు ముద్రించి చూసినవాళ్ళు కారు. చదవడానికి పట్టే సమయం కూడా ఒక రేటే. అది బెంగుళూరు కంపెనీకి ఒక లెక్క, బేతంచెర్ల కుర్రవాడికి ఇంకో లెక్క.

కానీ అతని మాటలో ఒక తప్పు ఉంది. అది చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది. ఒత్తుల కోసం బరువైన లైసెన్సు మోయాల్సిన పని లేదు. అక్షరాలను పేర్చే పనికి హార్ఫ్‌బజ్ అనే ఇంజను ఉంది. పేరు పారశీకంది, హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఆండ్రాయిడ్ ఫోన్లోనూ క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ తెలుగు ఒత్తు సరిగ్గా కూర్చుంటుందంటే దాని చలవే. దాని లైసెన్సు ఎంఐటీ లాంటిదే, పేరు ఉంచితే చాలు. పైక్యూటీ వెనకున్న క్యూటీ లోపల కూడా అదే ఉంది. అంటే కిటికీలు గీసే క్యూటీయే తెలుగు పీడీఎఫ్‌ను కూడా సరిగ్గా రాయగలదు. దాని కోసం ఇంకో లైబ్రరీని పిలిచి ఏజీపీఎల్ తలకెత్తుకోవాల్సిన అవసరం ఈ బిల్లుకు లేదు.

అల్లుడు: క్యూటీకే గదా పైక్యూటీ? మళ్ళీ జీపీఎల్.

క్యూటీ వేరు, పైథాన్ భాష నుంచి దాన్ని పిలిచే పైక్యూటీ వేరు అన్నాను. నోకియా చేతిలో ఉన్నప్పుడు, 2009లో, క్యూటీకి ఎల్‌జీపీఎల్ అనే మెతక లైసెన్సు కూడా వచ్చింది. పైక్యూటీ వాళ్ళు ఆ దారికి రాకపోతే నోకియా అదే ఏడు పైసైడ్ అనే ఇంకో వంతెన కట్టించింది. ఇప్పటి పైసైడ్6 కూడా ఎల్‌జీపీఎల్ కిందే దొరుకుతుంది. రెండిటి పిలుపులూ చాలావరకు ఒకటే. మార్చడం వారం, పది రోజుల పని.

మామ: ఆ ఎల్‌జీపీఎల్‌కు నా సోర్సు సంగతి ఏంది?

అల్లుడు: నా కోడ్ నేను దాచుకోవచ్చు. ఆ లైబ్రరీ వరకు మాత్రం నువ్వు కావాలంటే తీసేసి ఇంకో కూర్పు పెట్టుకునేటట్టు ఉండాలి. దాని సోర్సు ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి.

మామ: అంటే ఎదురాయప్పకు ఇయ్యలేను.

అల్లుడు: ఇయ్యలేవు.

మామ: (నాతో) నువ్వు ఎవరి పక్కనప్పా?

ఆ ప్రశ్న సరదాకి అడిగింది కాదు. ఒక్క సలహాతో నేను అమ్మేవాడికి దాచుకునే దారి చూపించాను, కొనేవాడి చేతిలోంచి తాళంచెవి లాగేశాను. రెండూ లైసెన్సు ప్రకారం సరైనవే. ఏది మంచిదన్నది లైసెన్సు చెప్పదు. అడిగితే నేను జీపీఎల్ వైపే. సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు ఊరు వదిలిపోతే ఏమవుతుందో చూసినవాణ్ణి. కానీ ఎనిమిది నెలలు జీతం లేకుండా కూర్చున్న కుర్రవాడికి ఆ మాట చెప్పే మొహం ఆ రోజు నాకు లేదు.

మిగతావి తొందరగా తేలాయి. మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టకుండా ఫోల్డరుగా ఇస్తే క్యూటీ ముక్కలు విడిగా కనిపిస్తాయి, మార్చుకోవడం వీలవుతుంది. అలా కట్టిపెట్టే పైఇన్‌స్టాలర్‌ది కూడా జీపీఎల్లే అని చూసి మామ ఉలిక్కిపడ్డాడు. కానీ అది కట్టిన మూటకు ఆ లైసెన్సు అంటదని వాళ్ళే ప్రత్యేకంగా మినహాయింపు రాసిపెట్టారు. కోత మిషను ఎవరిదైనా బండ మనదే అన్నట్టు. అల్లుడి ఒప్పందంలో 'ఈ సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూడరాదు' అనే వాక్యం ఉంది. లైబ్రరీని మార్చి సరిచూసుకోవడానికి విప్పడాన్ని ఎల్‌జీపీఎల్ ఆపనివ్వదు కాబట్టి దాన్ని సవరించాలి. లెక్కలు దాచే ఎస్క్యూలైట్‌కు అసలు ఏ షరతూ లేదు, రచయితలు సర్వహక్కులూ వదులుకున్నారు. అయినా కాగితం లేకపోతే నిద్రపట్టని కంపెనీల కోసం వాళ్ళే డబ్బు తీసుకుని ఒక హామీపత్రం అమ్ముతారు. మామకు ఇది చాలా నచ్చింది. 'ఊరికే ఇచ్చి కాయితం అమ్ముకుంటారా, వాళ్ళురా వ్యాపారస్తులు' అన్నాడు.

ఫాంటు దగ్గర మళ్ళీ ఆగాం. ఆ నల్లకిటికీ జాబితాలో ఫాంట్లు లేవు. ఆ పరికరానికి లైబ్రరీలే కనిపిస్తాయి, బొమ్మలూ ఫాంట్లూ కనిపించవు. హార్ఫ్‌బజ్ కూడా క్యూటీ కడుపులో ఉంది కాబట్టి అందులో రాలేదు.

మామ: ఈ అక్షరాలు యాడివి?

అల్లుడు: మండలి ఫాంటు. గిడుగు, గురజాడ, సురవరం అని పేర్లు పెట్టి సిలికానాంధ్రా వాళ్ళూ, అప్పటి ప్రభుత్వమూ కలిసి విడుదల చేయించినారే, వాటిలోది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు. సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్ముకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు.

మామ: అంతేనా?

అల్లుడు: అంకెలు వరసలో కుదరట్లేదని నేను కొంచెం దిద్దినా. పేరు అదే ఉంచినా.

మామ: ఇందాక పేరు ఉంచల్ల అంటిమి గదా, మంచిదే గదా?

అల్లుడు: ఇక్కడ ఉల్టా. ఫాంటు చేసినాయన పేరును రిజర్వు చేసుకొని ఉంటే, దిద్దినదానికి ఆ పేరు పెట్టకూడదు. వేరే పేరు పెట్టాలి. చేసినాయన కాపీరైట్ వరస మాత్రం ఉండాలి.

మామ: అవును మల్ల. ఇంకొకడు నా బండకు అంచు గీరి, నా ఫ్యాక్టరీ ముద్ర వేసి అమ్మితే ఊరుకుంటానా?

అప్పటికి సాయంత్రం అయింది. అల్లుడు ఒక తెల్లకాగితం మీద పట్టిక గీస్తున్నాడు: సరుకు పేరు, వెర్షను, ఎక్కడినుంచి వచ్చింది, ఏ లైసెన్సు, మార్చామా లేదా. ఇలాంటి పట్టికకు ఎస్‌బామ్ అని పేరుందనీ, 2024 అక్టోబరులో మన సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ దీని మీద మార్గదర్శకాలు ఇచ్చిందనీ, ప్రభుత్వ సంస్థలకు అమ్మేవాళ్ళను ఇప్పుడు అడుగుతారనీ చెప్పాను. మామ ఆ కాగితాన్ని లాక్కుని చూశాడు. తన బీరువాలోంచి పర్మిట్ల ఫైలు తీసి పక్కన పెట్టి, రెండిటి గడులూ పోల్చుకున్నాడు. సరుకు, పరిమాణం, ఏ గని, ఎవరి లీజు.

మామ: ఇదేదో ముందే చేసుంటే?

అల్లుడు: తెచ్చుకునే రోజే ఒక్కో వరస రాసుకొని ఉంటే ఒక్కోదానికి ఐదు నిమిషాలు. ఇప్పుడు పది రోజులు.

మామ: ఆ పది రోజులు ఎవరి ఖాతాలో?

అల్లుడు: నీ ఖాతాలోనే మామా. కాయితాలు అడిగింది నువ్వు. నలభై రెండు వేలు అవుతాది ఇప్పుడు.

మామ: పర్మిట్ లేని లోడు తెచ్చి, పర్మిట్ తెస్తా ఏడు వేలు కట్టు అంటాండావు. జీపీఎల్‌దే ఇయ్యి, ముప్పై అయిదుకే. ఈ పొద్దే తీసుకుంటా. సోర్సు పెన్‌డ్రైవులో వెయ్యి.

అల్లుడు: అది మాత్రం ఇవ్వను.

మామ: ఏం, ఫ్రీ అంటివి గదరా?

టీ తెచ్చిన పిల్లవాడు ల్యాప్‌టాప్ పక్కన గ్లాసులు పెట్టాడు. తెరమీద ఆ చిన్న కిటికీ ఇంకా తెరిచే ఉంది. అల్లుడు 'పూర్తిగా' అన్న మాట చెరిపేసి, తరువాత ఏం రాయాలో తెలియక, అక్కడ ఖాళీగా వదిలేశాడు. నలభై అని నేను అన్నాను. ఇద్దరూ నా మాట వినిపించుకోలేదు.